బండిని ఆపేది రోడ్డే: వాన, బ్రేకు, మలుపుల వెనుక బలాల లెక్క

ఎండాకాలం నడుమ బెంగళూరులో మొదటి వాన పడిన సాయంత్రం ఔటర్ రింగ్ రోడ్డు మీద ఏటా ఒకే దృశ్యం. మారతహళ్ళి వంతెన దిగే చోటో, కె.ఆర్.పురం వైపు మలుపులోనో ఒక స్కూటర్ పక్కకు ఒరిగి పడి ఉంటుంది. నడిపిన మనిషికి చాలాసార్లు దెబ్బల కన్నా అయోమయం ఎక్కువ. "నిన్న కూడా ఇదే స్పీడులో వచ్చాను, ఇక్కడే బ్రేక్ కొట్టాను, ఏమీ కాలేదు" అంటాడు. ఆ మాట నిజమే. బండి అదే, వేగం అదే, బ్రేకు పట్టిన చెయ్యి అదే. ఒక్క వాన తేడాతో రోడ్డు ఇవ్వగలిగిన బలం మాత్రం దాదాపు సగానికి పడిపోయింది.

బలం, చలనం అనేవి తొమ్మిదో తరగతి పాఠాలు. అనంతపురంలోనో చిత్తూరులోనో తెలుగు మీడియంలో చదివి బెంగళూరు చేరిన తండ్రికి అది 'జడత్వం'. ఇక్కడి స్కూల్లో చదివే అతని కూతురికి అది 'ఇనర్షియా'. పేరేదైనా ఇద్దరూ దాన్ని పరీక్షకే వదిలేస్తారు. రోజూ రెండు గంటలు ట్రాఫిక్‌లో గడిపే ఊళ్ళో ఆ పాఠం వంట్లోకి దిగాలి నిజానికి. దిగకపోగా, రోడ్డు మీద జరిగేదానికి చెప్పుకునే కారణాల్లో సగం తలకిందులుగా ఉంటాయి.

క్లుప్తంగా

వస్తువు వేగం గానీ దిశ గానీ మారాలంటే బయటి నుంచి బలం రావాలి. నేల మీద నడిచే వాహనానికి బయలుదేరడానికైనా, ఆగడానికైనా, తిరగడానికైనా ఆ బలం దాదాపు మొత్తం టైరు రోడ్డును తాకే చిన్న జాగాలోనే పుడుతుంది. అక్కడి ఘర్షణకు ఒక హద్దు ఉంది. వాన, గుంత, అరిగిన టైరు ఆ హద్దును కిందికి దించుతాయి. వేగం పెరిగితే, అదే దూరంలో ఆగడానికైనా అదే మలుపు తిరగడానికైనా కావలసిన బలం వేగం వర్గంలో పెరుగుతుంది, అంటే వేగం రెండింతలైతే బలం నాలుగింతలు. చాలా ప్రమాదాలు కావలసిన బలం ఆ హద్దును దాటే చోట జరుగుతాయి.

కదులుతూ ఉండడానికి బలం కావాలా?

కావాలనే అనిపిస్తుంది. యాక్సిలరేటర్ వదిలేస్తే కారు నెమ్మదిస్తుంది, తొక్కడం మానేస్తే సైకిల్ ఆగిపోతుంది. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ ఆలోచన కూడా ఇదే: నెట్టేవాడు ఉన్నంతసేపే కదలిక ఉంటుంది. సుమారు రెండు వేల ఏళ్ళు ఈ భావమే చెలామణి అయింది. వాలు పలకల మీద బంతులు దొర్లించి గెలీలియో దీన్ని ప్రశ్నించాడు. 1687లో వెలువడిన న్యూటన్ గ్రంథం ప్రిన్సిపియా దీన్ని నియమంగా మార్చింది: ఏ ఫలిత బలమూ (అన్ని బలాలూ కలిపితే మిగిలేది) పని చేయకపోతే ఆగి ఉన్నది ఆగే ఉంటుంది, కదులుతున్నది అదే వేగంతో, అదే సరళరేఖలో కదులుతూనే ఉంటుంది.

కారు ఆగిపోవడానికి కారణం బలం లేకపోవడం అనుకోవడంలోనే పొరపాటు ఉంది. అక్కడ బలం ఉంది, కాకపోతే ఎదురు దిశలో ఉంది. టైరు దొర్లేటప్పుడు నలిగి తిరిగి లేచే క్రమంలో కొంత, గాలి నుంచి కొంత నిరోధం వస్తుంది. ఎలక్ట్రానిక్ సిటీ ఎలివేటెడ్ రోడ్డు మీద ఒకే వేగంతో పోయే కారులో ఇంజిను చేసే పనల్లా ఆ నిరోధాన్ని సరిగ్గా చెల్లుకు చెల్లు చేయడం. అప్పుడు ఫలిత బలం సున్నా. అందుకే ఆ కారులో కూర్చున్నవాళ్ళు టీ గ్లాసు తొణక్కుండా పట్టుకోగలరు. వేగాన్ని శరీరం పట్టించుకోదు, వేగంలో మార్పును పట్టించుకుంటుంది.

ఆగిపోయిన కారును నెట్టినవాళ్ళకు దీని రుచి తెలుసు. చదును రోడ్డు మీద టైరు దొర్లుడు నిరోధం కారు బరువులో నూరో వంతు పరిసరాల్లో ఉంటుంది. అంటే టన్ను బరువున్న కారుకు పది కిలోల బరువు మోసేంత బలం చాలు. అయినా మొదటి నాలుగు అడుగులు ఇద్దరు మనుషులకు చెమట పట్టిస్తాయి, ఎందుకంటే అక్కడ నిరోధాన్ని తట్టుకోవడంతో పాటు టన్ను ద్రవ్యరాశికి వేగం కూడా ఇవ్వాలి. ఒకసారి కదిలాక ఒక్కడే నెట్టుకుపోతాడు. మెట్రో రైలుకు ఈ నిరోధం ఇంకా తక్కువ. ఉక్కు చక్రం ఉక్కు పట్టా మీద నలగదు కాబట్టి టైరుతో పోలిస్తే అయిదో వంతు, పదో వంతు స్థాయిలోనే ఉంటుంది.

'జడత్వం' అన్న మాట కూడా కొంత తప్పుదోవ పట్టిస్తుంది. జడుడు అంటే కదలనివాడు అని మన వాడుక. శాస్త్రంలో జడత్వం అంటే ఉన్న స్థితిని మార్చుకోవడానికి మొరాయించడం. కదిలేవాడు ఆగనని మొండికేయడం కూడా జడత్వమే. ఇంకో చిక్కు, అది బలం కాదు. అది ఎవరినీ తొయ్యదు, లాగదు.

బస్సులో నిలబడ్డవాళ్ళ సంగతి

సిల్క్ బోర్డు దగ్గర సిటీ బస్సు సడన్ బ్రేక్ వేస్తుంది. నిలబడ్డవాళ్ళందరూ ముందుకు ఒరుగుతారు. ఎవరో వెనక నుంచి తోసినట్టే ఉంటుంది, తోసినవాడు మాత్రం ఉండడు. రోడ్డు పక్కన నిలబడి చూసేవాడికి అసలు సంగతి తేలిగ్గా తెలుస్తుంది. బస్సు వేగం తగ్గింది. బస్సు నేలకు చెప్పులు అంటుకుని ఉన్నాయి కాబట్టి ఘర్షణ పాదాలను కూడా వెనక్కి లాగి వేగం తగ్గించింది. నడుము పైభాగాన్ని వెనక్కి లాగేది ఏమీ లేదు. అది పాత వేగంతోనే పోతోంది. పాదాలు ఆగి తల ఆగకపోతే మనిషి ముందుకు పడతాడు. రాడ్డు పట్టుకోవడం అంటే పైభాగానికి కూడా ఆ వెనక్కి లాగే బలాన్ని చేతి ద్వారా అందించడం.

ఎంత బలం? గంటకు 36 కి.మీ. అంటే సెకనుకు 10 మీటర్లు. ఆ వేగంలో ఉన్న బస్సు రెండు సెకన్లలో ఆగితే వేగం ప్రతి సెకనుకూ 5 మీటర్ల చొప్పున తగ్గుతుంది. 60 కిలోల మనిషిని ఆ లెక్కన ఆపడానికి 300 న్యూటన్లు కావాలి, అంటే సుమారు 30 కిలోల బియ్యం బస్తాను ఎత్తి పట్టుకున్నంత. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతి రెండు వేళ్ళు రాడ్డు మీద ఉన్నవాడికి ఇది సాధ్యం కాదు. ఇంకో రకంగా చూస్తే, ఆ రెండు సెకన్లూ బస్సు నేల దాదాపు 27 డిగ్రీలు ముందుకు వాలినట్టే లెక్క. అంత వాలున్న పెంకుటింటి కప్పు మీద ఏమీ పట్టుకోకుండా నిలబడడం లాంటిది.

2011 అక్టోబరులో బయ్యప్పనహళ్ళి, ఎం.జి. రోడ్డు మధ్య మొదలై ఇప్పుడు ఊరంతా పాకిన మెట్రోలో ఇదే మనిషి ఏమీ పట్టుకోకుండా నిలబడి ఫోను చూసుకుంటాడు. పట్టణ మెట్రో రైళ్ళు మామూలుగా సెకనుకు ఒక మీటరు అటూ ఇటూగానే వేగం పెంచుకుంటాయి, తగ్గించుకుంటాయి. అంటే నేల ఆరు డిగ్రీలు వాలినట్టు. గంటకు 80 కి.మీ. నుంచి ఆ లెక్కన ఆగడానికి రైలు 22 సెకన్లు, పావు కిలోమీటరు దాకా తీసుకుంటుంది. ఎదురుగా ఆటో దూరిపోదు కాబట్టి దానికి ఆ తీరిక ఉంది. సిటీ బస్సు డ్రైవరుకు లేదు.

బస్సు పూర్తిగా ఆగిన క్షణంలో జనం వెనక్కి తూలడం చాలామంది గమనించే ఉంటారు. బ్రేకు పని చేస్తున్నంతసేపూ శరీరం వెనక్కి వాలి, కండరాలు బిగబట్టి ఉంటుంది. బస్సు ఆగగానే ఆ వెనక్కి లాగే బలం ఒక్కసారిగా మాయమవుతుంది, బిగబట్టిన కండరాలు మాత్రం వెంటనే వదలవు. అందుకే వెనక్కి తూలు. బలం ఎంత అన్నదానితో పాటు బలం ఎంత త్వరగా మారుతోంది అన్నది కూడా మనిషి నిలకడను తేలుస్తుంది. అనుభవమున్న డ్రైవరు బస్సు ఆగబోయే చివరి అడుగులో పెడల్‌ను కాస్త సడలించేది ఇందుకే. కొత్త ఎలక్ట్రిక్ బస్సుల్లో బయలుదేరేటప్పుడు తూలు ఎక్కువ అనిపించడానికీ ఇదే మూలం. విద్యుత్ మోటారు సున్నా వేగం నుంచే గట్టి తిప్పుడు బలం ఇవ్వగలదు. డీజిల్ ఇంజిను క్లచ్చి, గేరు దాటుకుని మెల్లగా అందుకుంటుంది.

అరచేతంత జాగా

ఇక అసలు విషయం. "బ్రేకు బండిని ఆపుతుంది" అంటాం. బ్రేకు చేసేది చక్రం తిరగడాన్ని అడ్డుకోవడం వరకే. బండి మీద పనిచేసే బయటి బలం రోడ్డు నుంచి రావాలి. టైరు రోడ్డును ముందుకు నెడుతుంది, రోడ్డు టైరును వెనక్కి నెడుతుంది. న్యూటన్ మూడో నియమంలోని చర్య, ప్రతిచర్య ఇవే. నూనె ఒలికిన గ్యారేజీ నేల మీద ఎంత మంచి బ్రేకులైనా చక్రాన్నే ఆపుతాయి, బండి మాత్రం జారుకుంటూ పోతుంది.

ఆ బలం పుట్టే జాగా ఎంత? 1,200 కిలోల కారులో ఒక్కో టైరు మీద 300 కిలోలు పడితే, మామూలు గాలి ఒత్తిడి దగ్గర ఆ టైరు నేలను తాకే వైశాల్యం సుమారు 140 చదరపు సెంటీమీటర్లు. ఒక అరచేయి. స్కూటర్ వెనక టైరుకైతే మూడు అగ్గిపెట్టెలు పక్కపక్కన పెట్టినంత. ఇల్లు, ఉద్యోగం, పిల్లల స్కూలు అన్నీ ఆ అగ్గిపెట్టెల మీదే నడుస్తున్నాయంటే అతిశయోక్తి కాదు.

టైరు, రోడ్డు మధ్య ఘర్షణకు గరిష్ఠ హద్దు ఉంటుంది. పొడి తారు రోడ్డు మీద అది టైరుపై పడే బరువులో 70 శాతం దాకా, తడి రోడ్డు మీద 40 శాతం దాకా ఉంటుందని అనుకుని లెక్క వేద్దాం. టైరును, రోడ్డును బట్టి ఈ అంకెలు మారతాయి, పోలిక మాత్రం మారదు. గంటకు 30 కి.మీ. వేగం నుంచి పొడి రోడ్డు మీద ఆగడానికి 5 మీటర్లు చాలు. తడి రోడ్డు మీద 9 మీటర్లు. వేగం రెట్టింపయి 60 అయితే ఆ దూరాలు 20 మీటర్లు, 35 మీటర్లు. వేగం రెండింతలైతే దూరం నాలుగింతలు. ఇది బ్రేకు తాకిన తర్వాతి లెక్క. కళ్ళు చూసి, మెదడు గ్రహించి, చెయ్యి కదలడానికి ఒక సెకను వేసుకుంటే 60 కి.మీ. వేగంలో ఈలోపే మరో 17 మీటర్లు గడిచిపోతాయి.

ఇక్కడ ఒక లెక్క దగ్గర ఆగడం మంచిది, ఎందుకంటే ఇది ఎవరి ఊహకూ అందదు. తడి రోడ్డు మీద రెండు బండ్లు పక్కపక్కన వస్తున్నాయి, ఒకటి 40లో, ఇంకొకటి 60లో. ఇద్దరికీ ఒకే క్షణంలో ఎదురుగా ఆవు కనిపించింది. ఇద్దరూ ఒకే సెకను తీసుకుని ఒకేలా బ్రేకు వేశారు. 40లో వచ్చిన బండి సుమారు 27 మీటర్లలో ఆగింది. ఆ చోటుకు చేరేసరికి రెండో బండి వేగం ఎంత? చాలామంది 20 అంటారు, తేడా 20 కదా అని. లెక్క ప్రకారం అది ఇంకా 50 కి.మీ. వేగంతో ఉంటుంది. చేతిలో ఉన్న దూరంలో ఎక్కువ భాగం ఆలోచనకే పోయింది, పైగా ఎక్కువ వేగం దగ్గర ఒక్కో మీటరుకూ తగ్గే వేగం తక్కువ.

మొదటి వాన ప్రత్యేకంగా ప్రమాదకరం కావడానికి కారణం నీరు ఒక్కటే అయితే జూలై వాన కూడా అంతే ప్రమాదకరం కావాలి. నెలల తరబడి రోడ్డు మీద కారిన ఇంజిను ఆయిలు, డీజిలు చుక్కలు, అరిగిన రబ్బరు పొడి, దుమ్ము తొలి చినుకులతో కలిసి పల్చటి జిడ్డు పొర అవుతాయి. గట్టిగా కురిస్తే అది కొంతసేపటికి కొట్టుకుపోతుంది. సన్నగా తుంపర పడి ఆగిపోతే రోడ్డు మీదే ఉండిపోతుంది. అందుకే జోరు వాన కన్నా పది నిమిషాల జల్లే ఎక్కువ జారుడు కావచ్చు. బెంగళూరులో దీనికి తోడు రాలిన పూలు. వేసవిలో తురాయి పూలు రోడ్డంతా పరుచుకుంటాయి. ఫోటోలకు బాగుంటాయి, తడిసి నలిగితే టైరు కింద సబ్బు ముక్కలు. జీబ్రా గీతల రంగు, మ్యాన్‌హోల్ ఇనుప మూతలు, నిర్మాణం జరిగే చోట పరిచే ఇనుప పలకలు కూడా తడిస్తే తారు కన్నా చాలా నున్నన.

నీరు నిలిచిన చోట సమస్య వేరు. టైరు మీది గాట్లు నీటిని పక్కకు తోసెయ్యడానికే ఉన్నాయి. నీరు లోతుగా ఉండి, వేగం ఎక్కువై, గాట్లు అరిగిపోయి ఉంటే నీరు పక్కకు పోయే లోపే టైరు దాని మీదికి ఎక్కేస్తుంది. అప్పుడు రబ్బరుకు, రోడ్డుకు మధ్య నీటి పొర తప్ప ఏమీ ఉండదు. స్టీరింగు తేలికైపోయినట్టు అనిపించేది ఆ క్షణంలోనే.

చక్రం బిగుసుకుంటే

దొర్లే టైరు రోడ్డును తాకే చోట క్షణకాలం నిశ్చలంగా ఉంటుంది. నడిచేటప్పుడు నేల మీద ఆనిన పాదం లాగా. అక్కడ పనిచేసేది స్థైతిక ఘర్షణ, అంటే ఒకదాని మీద ఒకటి జారకుండా ఆనిన వాటి మధ్య ఉండే ఘర్షణ. బ్రేకు మరీ గట్టిగా పడి చక్రం బిగుసుకుంటే టైరు ఈడ్చుకుంటూ పోతుంది, ఘర్షణ తగ్గుతుంది. దూరం పెరగడం ఒక నష్టం. ఈడ్చుకుపోయే చక్రం తిప్పినవైపు పోకపోవడం అంతకన్నా పెద్ద నష్టం. ఏబీఎస్ (యాంటీ-లాక్ బ్రేకింగ్ సిస్టమ్) చేసేది చక్రం బిగుసుకోబోతోందని గుర్తించి, సెకనుకు చాలాసార్లు బ్రేకును వదిలి పట్టడం. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త ద్విచక్ర వాహనాలన్నిటికీ ఇది తప్పనిసరి అయింది. అంతకన్నా చిన్న బండ్లకు ముందు, వెనక బ్రేకులు కలిసి పడే ఏర్పాటు పెట్టారు.

రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు ఎందుకు అవసరమైందంటే, "ముందు బ్రేకు పట్టకు, పల్టీ కొడతావ్" అన్న సలహా ఇంటింటా ఉంది. సలహా పూర్తిగా వట్టిది కాదు, కానీ చాలావరకు హానికరం. బ్రేకు పడినప్పుడు బరువు వెనక చక్రం నుంచి ముందు చక్రానికి మారుతుంది. రోడ్డు వెనక్కి లాగేది కింద, మనిషి బరువు ఉండేది పైన కాబట్టి బండి ముక్కు మీద వాలుతుంది. గట్టిగా బ్రేకు వేసిన స్కూటర్‌లో మొత్తం బరువులో 70 శాతం దాకా ముందు చక్రం మీదే ఉండవచ్చు. ఘర్షణ హద్దు బరువును బట్టే కదా. అంటే ఆపే సత్తా ఎక్కువగా ముందు చక్రం దగ్గరే ఉంది, వెనక బ్రేకు ఒక్కటే వాడేవాడు ఆ సత్తాలో ఎక్కువ భాగాన్ని వదులుకుంటున్నాడు. మలుపులోనో, ఇసుక మీదో ముందు చక్రం బిగుసుకుంటే పడిపోవడం ఖాయమన్నది ఆ సలహాలోని నిజం.

బరువైన బండి ఎందుకు ఆలస్యంగా ఆగుతుంది?

బరువు వల్ల అని అందరూ అంటారు. ఘర్షణ లెక్క మాత్రం ఒప్పుకోదు. బరువు పదింతలైతే ఆపడానికి కావలసిన బలం పదింతలవుతుంది, రోడ్డు ఇవ్వగల ఘర్షణ కూడా పదింతలవుతుంది. రెండూ కొట్టేసుకుంటాయి. అయినా లారీ ఆలస్యంగానే ఆగుతుంది. గాలి బ్రేకుల్లో పెడల్ తొక్కాక ఒత్తిడి చక్రాల దాకా చేరడానికి కొంత సమయం పడుతుంది. ఎక్కువ కాలం మన్నేలా చేసిన లారీ టైర్ల రబ్బరు గట్టిగా ఉంటుంది, పట్టు తక్కువ. అన్నిటికన్నా ముఖ్యం వేడి.

60 కి.మీ. వేగంతో పోయే 15 టన్నుల బస్సులో గతిశక్తి (కదలిక వల్ల ఉండే శక్తి) సుమారు 20 లక్షల జౌళ్ళు. ఆపిన ప్రతిసారీ అదంతా బ్రేకు డ్రమ్ముల్లో వేడిగా మారాలి. చదును రోడ్డు మీద చల్లారే వ్యవధి దొరుకుతుంది. ఘాట్ రోడ్డు మీద దొరకదు. బెంగళూరు నుంచి తిరుమల వెళ్ళి వచ్చేవాళ్ళు దిగేటప్పుడు వాడేది పాత ఘాట్ రోడ్డు. 1944లో తెరిచిన ఆ దారి ప్రణాళికలో మైసూరు సంస్థానపు ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య పాత్ర ఉంది. వాలు మీద గురుత్వ బలంలో ఒక భాగం ఎప్పుడూ ముందుకు లాగుతూనే ఉంటుంది. అదే బస్సు 100 మీటర్ల ఎత్తు దిగితే వదిలించుకోవలసిన శక్తి, 60 కి.మీ. వేగం నుంచి ఏడు సార్లు ఆపినంత. వందల మీటర్లు బ్రేకు మీదే దిగితే లైనింగు కాలి పట్టు పోతుంది. "ఏ గేరులో ఎక్కావో ఆ గేరులో దిగు" అని డ్రైవర్లు చెప్పుకునే మాటలో ఉన్నది ఇదే. కింది గేరులో ఇంజినే నిరోధంగా మారి వేడిలో చాలా భాగాన్ని తన మీద వేసుకుంటుంది.

మలుపు: దిశ మారడం కూడా మార్పే

హెబ్బాళ ఫ్లైఓవర్ లూపులో కారు మీటరు ముల్లు 40 దగ్గరే నిలబడి ఉన్నా కారు మీద బలం పనిచేస్తోంది. దిశ మారుతోంది కాబట్టి. ఆ బలం మలుపు కేంద్రం వైపు, అంటే లోపలికి. ఇచ్చేది మళ్ళీ ఆ నాలుగు అరచేతులే. లోపల కూర్చున్నవాడు మాత్రం డోరు వైపు 'విసిరేసినట్టు' అయిందంటాడు. శరీరం నేరుగా పోవాలనుకుంది, డోరు దాన్ని లోపలికి నెట్టింది. బయటికి విసిరే అపకేంద్ర బలం అని పిలిచేది తిరుగుతున్న కారు లోపలి నుంచి లెక్క వేసేవాడికి పనికొచ్చే మాట. ఫ్లైఓవర్ మీద నిలబడి చూసేవాడి లెక్కలో దానికి చోటు లేదు.

30 మీటర్ల వ్యాసార్ధమున్న చదును మలుపులో పొడి రోడ్డు హద్దు గంటకు సుమారు 51 కి.మీ., తడి రోడ్డుది 39. నిన్న 45లో తిరిగిన స్కూటర్ ఇవాళ పడిపోవడానికి ఇంతకన్నా వివరణ అక్కర్లేదు. పైగా తిరగడానికీ, ఆపడానికీ ఘర్షణ ఖాతా ఒక్కటే. హద్దులో 80 శాతం బ్రేకుకే వాడేస్తే తిరగడానికి మిగిలేది 20 శాతం కాదు, 60. రెండు బలాలూ లంబంగా ఉంటాయి కాబట్టి పైథాగరస్ లెక్క వర్తిస్తుంది. నూరు శాతం బ్రేకుకే పోతే మాత్రం మిగిలేది సున్నా. మలుపుకు ముందే వేగం తగ్గించుకోమనేది ఇందుకే. రోడ్డు బయటి అంచును ఎత్తుగా కట్టడం వల్ల రోడ్డు పైకి నెట్టే బలంలో కొంత భాగం లోపలికి తిరుగుతుంది, టైర్ల మీద భారం తగ్గుతుంది.

రాత్రిపూట మడివాళ, మారతహళ్ళి నుంచి హైదరాబాద్, విజయవాడ బయలుదేరే స్లీపర్ బస్సులకు ఇంకో హద్దు ఉంది. బలం లోపలికి లాగేది నేల దగ్గర, బస్సు గరిమనాభి (బరువంతా ఒక్క చోటే ఉన్నట్టు లెక్క వేసే బిందువు) ఉండేది పైన. రెండు వరసల బెర్తులు, కప్పు మీద సామాను ఉంటే ఆ నాభి మరీ పైకి పోతుంది. చక్రాల మధ్య వెడల్పులో సగం ఒక మీటరు, గరిమనాభి ఎత్తు మీటరున్నర అనుకుంటే, బరువులో మూడింట రెండు వంతుల పక్క బలానికే లోపలి చక్రాలు నేల వదులుతాయి. పొడి రోడ్డు ఘర్షణ ఇంచుమించు అంత ఇవ్వగలదు. అంటే పొడి రోడ్డు మీద అలాంటి బస్సు జారకుండానే పల్టీ కొట్టే వీలుంది. తడి రోడ్డు మీద అది ముందు జారుతుంది. కారు నాభి కిందికి ఉంటుంది కాబట్టి దేన్నీ ఢీకొట్టకపోతే చాలాసార్లు జారుడుతోనే సరిపెట్టుకుంటుంది.

హంపు మీద తేలిపోవడం

ఘర్షణ హద్దు బరువు మీద ఆధారపడుతుందని చెప్పుకున్నాం. ఖచ్చితంగా చెప్పాలంటే, టైరు ఆ క్షణంలో రోడ్డును ఎంత నొక్కుతోంది అన్నదాని మీద. గుంత అంచు దాటే టైరు ఒక క్షణం గాల్లో ఉంటుంది, ఆ క్షణంలో బ్రేకు ఉన్నా లేనట్టే. స్పీడ్ బ్రేకర్ దగ్గర ఇది చక్కగా లెక్కకు దొరుకుతుంది. రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రకారం హంపు వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు, వంపు వ్యాసార్ధం 17 మీటర్లు. గంటకు 25 కి.మీ. వేగంతో దాటడానికి ఉద్దేశించినది. ఆ వేగంలో హంపు నెత్తి మీద ఉన్నవాడి బరువు పావు వంతుకు పైగా తగ్గినట్టు అనిపిస్తుంది. 46 కి.మీ. దగ్గర సున్నా అవుతుంది, చక్రం నేల వదలాలి. స్ప్రింగులు, షాక్ అబ్సార్బర్లు దీన్ని కొంత మారుస్తాయి కానీ హద్దు ఆ దరిదాపుల్లోనే ఉంటుంది.

కాలనీ వీధుల్లో ఎవరికి వాళ్ళు వేయించుకున్న సన్నటి గట్టులకు ఈ కొలతలేవీ లేవు. వాటి మీద 15 కి.మీ. వేగం కూడా ఎక్కువే. బస్సులో ఆఖరి సీటువాళ్ళకు అందరికన్నా గట్టిగా తగలడానికి కారణం సీటు మెత్తదనం కాదు. ఆ వరస వెనక ఇరుసుకు ఇంకా వెనక, మీట (లివరు) కొసన ఉన్నట్టు ఉంటుంది. ఇరుసు దగ్గర ఒక జానెడు లేస్తే కొస దగ్గర అంతకన్నా ఎక్కువ లేస్తుంది.

ఎలక్ట్రిక్ స్కూటర్లతో మారేది

బెంగళూరు రోడ్ల మీద పెరుగుతున్న ఎలక్ట్రిక్ స్కూటర్లు ఈ లెక్కలో రెండు కొత్త అంకెలు తెస్తాయి. ఒకటి, బయలుదేరేటప్పుడు వెనక చక్రం మీద పడే గట్టి తిప్పుడు బలం. తడి మ్యాన్‌హోల్ మూత మీద ఆగి ఉన్న బండికి గ్రీన్ సిగ్నల్ పడగానే పూర్తి త్రాటిల్ ఇస్తే ఘర్షణ హద్దు తేలిగ్గా దాటిపోతుంది, చక్రం అక్కడే తిరుగుతుంది. రెండోది, త్రాటిల్ వదలగానే మోటారు జనరేటరుగా మారి బ్యాటరీని నింపే ఏర్పాటు. అది కూడా బ్రేకే, అయితే వెనక చక్రం మీద మాత్రమే, వేళ్ళు బ్రేకు మీద లేకపోయినా పడేది. వేగం తగ్గుతూ బరువు ముందుకు మారి వెనక చక్రం తేలికైన సమయంలోనే అది పని చేస్తుంది. పెట్రోలు బండి అలవాటున్న చెయ్యి తడి మలుపులో త్రాటిల్‌ను ఒక్కసారిగా వదిలేయడం, ఆ చెయ్యికి తెలియకుండానే, మలుపు మధ్యలో వెనక బ్రేకు పట్టడంతో సమానం. ఈ బ్రేకు జోరును తగ్గించుకునే సెట్టింగు కొన్ని మోడళ్ళలో ఉంటుంది.